లెక్క తేలందే గంట లేదు

మా పెద్దనాయన భూస్థాపన రోజు చర్చి అయ్యగారు ప్రసంగంలో ఆయన్ని శాంతస్వభావి అన్నారు. సాత్వికుడు, ఎవరినీ నొప్పించి ఎరగడు, ఎవరికీ అడ్డం వచ్చినవాడు కాదు అన్నారు. అయ్యగారు మా సంఘానికి కొత్త, ఆయన తప్పేమీ లేదు. కానీ వెనక వరసలో నిలబడిన పాత గనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకైతే ఆ దుఃఖంలోనూ నవ్వు ఆగలేదు. అడ్డం రాకపోవడమా? ఆయన బతుకంతా చేసిన పని అడ్డం నిలబడటమే, జీతం తీసుకున్నదే అందుకు. సమాధి మీద మట్టి ఆరకముందే మనిషిని ఇట్లా మెత్తగా చేసేస్తే ఎట్లా అని కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

ఆయన మా నాయనకు అన్న. మాది కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనుల ఊరు. ఛాంపియన్ రీఫ్‌లో గని పక్కన కార్మికుల లైన్లలో మా ఇల్లూ ఆయన ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఉద్యోగం బ్యాంక్స్‌మన్. గని ఎరగనివాళ్ళకు చెప్పాలంటే, షాఫ్టు అంటే వేల అడుగుల నిలువు బావి. అందులోకి మనుషుల్ని దించేది కేజు అనే ఇనుప బోను. పైమూతి దగ్గర నిలబడి, ఎక్కేవాళ్ళను లెక్కపెట్టి, గేటు వేసి, గంట కొట్టేవాడు బ్యాంక్స్‌మన్. ఆ గంట వింటేనే దూరంగా ఇంజను గదిలో కూర్చున్నవాడు తాడు వదులుతాడు. ఇన్ని కొడితే రాయి, ఇన్ని కొడితే మనుషులు అని లెక్క. దిగే ప్రతివాడికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దిగేటప్పుడు అది పైన ఇచ్చి పోవాలి, అక్కడ చెక్కపలకకు తగిలిస్తారు, ఎక్కి వచ్చాక తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా పలకకు ఒక బిళ్ళ వేలాడుతున్నదంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. గని సర్కారు చేతికి వచ్చిన కొన్నాళ్ళకు ఆ పనిలో చేరి, రిటైరయ్యేదాకా ముప్పై ఏళ్ళు ఆయన అక్కడే నిలబడ్డాడు. బంగారం ఎట్లా పుడుతుందో ఆయన పెద్దగా చూసింది లేదు. దిగే తలలు చూశాడు, ఎక్కే తలలు చూశాడు.

మనిషి పొట్టి. తెల్లచొక్కా మెడదాకా బొత్తాలు పెట్టుకునేవాడు, ఎండాకాలమైనా అంతే. ఏ గుమ్మం దగ్గర నిలబడ్డా కుడిచెయ్యి దానంతట అదే లేచి అవతలి చట్టాన్ని పట్టుకునేది. మా ఇంటికి వచ్చినా గుమ్మంలో అట్లా నిలబడే మాట్లాడేవాడు. మేం బయటికి పోవాలంటే ఆ చేతి కింద దూరి పోవాలి. దూరేటప్పుడు తలమీద చిన్నగా తట్టి పెదాలు కదిపేవాడు. ఒకటి, రెండు అంటున్నాడని నాకు బాగా పెద్దయ్యాక గాని తెలియలేదు.

ఆయన దగ్గర ఒక కథ ఉండేది. షిఫ్టు టైముకు కేజు నిండిపోయింది, ఒక అధికారి పరుగున వచ్చి ఎక్కేశాడు, లెక్కకు ఒకరు ఎక్కువయ్యారు, ఈయన గంట కొట్టనన్నాడు. అధికారి కేకలేశాడు, ఈయన చేతులు కట్టుకున్నాడు, చివరికి అధికారి దిగిపోయాడు. కథ అంతే. నా చిన్నప్పుడు ఆ అధికారి సూపర్‌వైజరు. నేను హైస్కూలుకు వచ్చేసరికి ఇంజనీరయ్యాడు. నా కూతురు వినే నాటికి ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చిన మంత్రి. ఇన్ని ప్రమోషన్లు ఇచ్చిన మనిషి తను మాత్రం బ్యాంక్స్‌మన్‌గానే ఉండిపోయాడని మా అమ్మ ఎగతాళి చేసేది.

కోలారుకు పోయే బస్సులో మా కుటుంబం మొత్తం ఎక్కేదాకా ఆయన వాకిలి వదిలేవాడు కాదు. కండక్టరు కన్నడంలో తిడుతుంటే ఈయన కన్నడంలోనే ఓపిగ్గా జవాబు చెప్పేవాడు గాని చెయ్యి మాత్రం దించేవాడు కాదు. సండేస్కూలు పిల్లల్ని కోలారు పక్కన అంతరగంగ కొండకు తీసుకుపోయినప్పుడు తోడు వచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఆయన లెక్కకు ఒక పిల్లవాడు తక్కువ. టీచరమ్మ అందరూ ఉన్నారంటుంది, ఈయన లేరంటాడు. ఎండలో గంటసేపు బస్సు ఆగింది. ఆఖరికి తేలిందేమిటంటే, ఆ పిల్లవాడి మేనమామది కోలారే, టీచరమ్మను అడిగి మధ్యాహ్నమే వాణ్ణి తన ఇంటికి తీసుకుపోయాడు. ఆమె ఆ మాటే మరిచిపోయింది. అందరూ ఈయన మీద విరుచుకుపడ్డారు. ఈయన నదురూ బెదురూ లేకుండా, "నాకు చెప్పలేదు కదమ్మా. చెప్పకుండా పోయినోడు నా లెక్కలో లోపలే ఉండాడు" అన్నాడు.

కాలేజీలో చదివే రోజుల్లో నాకు మనుషుల్ని విడమరిచి చూడాలనే తెలివి ఒకటి పుట్టింది. ఈయన ఇట్లా తయారయ్యాడంటే వెనక ఏదో జరిగి ఉండాలి అనుకున్నాను. ఒక ఆదివారం ధైర్యం చేసి అడిగాను, ఎప్పుడైనా నీ గంట తప్పి ఎవరైనా పోయారా పెద్దనాయనా అని. ఆయన తింటున్న సంకటి ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. అంత నొచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏమిటికి పోతారు? నేను నిలబడినంత కాలం ఒక్కడు గూడా తప్పలేదు. ఏదో ఒకటి జరిగితేనే మనిషిని లెక్కపెట్టాల్నా?"

ఆ రోజు నాకది మొండి జవాబులాగే వినబడింది.

మా నాయన త్వరగా పోయాడు. మా అక్కనూ నన్నూ చదివించింది పెద్దనాయనే. అక్క నర్సయి, పెళ్ళి చేసుకుని ఆస్ట్రేలియాలో పెర్త్‌కు పోయింది. కేజీఎఫ్ నుంచి అక్కడికి పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు, క్రిస్మస్ వచ్చిందంటే వాళ్ళంతా ఒకచోట చేరి పండగ పిండివంట కల్‌కల్లు చేసుకుని పాటలు పాడుకుంటారట. అక్క మాత్రం తొమ్మిదేళ్ళుగా ఇక్కడికి రాలేకపోయింది. ఒక ఏడు పట్టుబట్టింది, ఈ క్రిస్మస్‌కు అమ్మ తన బల్ల దగ్గర కూర్చోవాలని. అమ్మ ముళబాగిలు పక్కన పల్లెలో పుట్టింది. తెలుగు వచ్చు, కన్నడం వచ్చు, లైన్లలో పనికొచ్చేంత అరవం వచ్చు. ఒంటరిగా పంపే మాటే లేదు. నేనూ మా ఆయనా మాలూరులో ఫ్యాక్టరీ ఉద్యోగాలు చేస్తున్నాం, ఇద్దరం సెలవు పెట్టి పిల్లలతో సహా బయల్దేరుదామని అనుకున్నాం. గని మూతపడి అప్పటికే చాలా ఏళ్ళయింది. పెద్దనాయన గుమ్మంలో నిలబడి అంతా విని, నేనూ వస్తానన్నాడు. విమానం ఎక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఏమిటంటే, మనుషుల్ని అంత దూరం లెక్క లేకుండా పంపేది లేదట.

ప్రయాణానికి వారం ముందు రాబర్ట్‌సన్‌పేట బజారుకు పోయాడు. పాత్రల అంగట్లో గిన్నెల మీద పేర్లు చెక్కే మనిషి ఉంటాడు కదా, అతని దగ్గర కూర్చుని ఇత్తడి రేకుతో ఆరు బిళ్ళలు కోయించి, ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు చెక్కించుకుని వచ్చాడు. మా ఆయన నవ్వాడని, పిల్లల తర్వాత ఆయనకు అయిదో నంబరు ఇచ్చాడు. ఒకటి అమ్మది. ఆరు తనది. విమానం ఎక్కేటప్పుడు బిళ్ళ తన చేతికే ఇవ్వాలి, దిగాక తన చేతినుంచే తీసుకోవాలి, మధ్యలో ఎవరడిగినా ఇవ్వకూడదు. వాకిట్లో రోజూ సాయంత్రం మాకు కవాతు. పిల్లలకు అదొక ఆట. అమ్మకు మాత్రం ఆట కాదు. భర్త అన్న చెప్పిన మాట ఆమె జీవితంలో ఎప్పుడూ దాటలేదు. బిళ్ళను నల్లదారానికి కట్టి జాకెట్టు లోపల వేసుకుంది.

బెంగళూరులో ఏ గొడవా రాలేదు. తనిఖీ చేసే అమ్మాయి కన్నడ పిల్ల, తాయెత్తు అనుకున్నదో ఏమో, చేతియంత్రం తిప్పి వదిలేసింది. విమానం వాకిలి దగ్గర పెద్దనాయన ఒక్కొక్కరి బిళ్ళా తీసుకుని తలమీద తట్టి లోపలికి పంపి, ఆఖరున తను ఎక్కాడు. వెనక ఉన్న జనం విసుక్కున్నారు. ఆయనకు అలవాటే.

దారిలో ఒక దేశంలో విమానం మారాలి. పొద్దున్నే దిగాం, ఎవరి బిళ్ళ వాళ్ళకు పెద్దనాయన తిరిగి ఇచ్చాడు. అక్కడ మళ్ళీ తనిఖీ, ఆడవాళ్ళకు వేరే వరస. నేను చిన్నదాన్ని ఎత్తుకుని ముందు దాటాను, అమ్మ వెనకే ఉందనుకున్నాను. పెద్దదాన్ని బాత్రూముకు తీసుకుపోయి, మా విమానం గేటు దగ్గర మా ఆయన్నూ పెద్దనాయన్నూ కలుసుకుని లెక్క చూస్తే అమ్మ లేదు. వాళ్ళతో ఉందనుకున్నానని నేను, నీతో ఉందనుకున్నామని వాళ్ళు. గేటు దగ్గరున్న యూనిఫారం అమ్మాయి ఫోన్లు చేసి కనుక్కుంది. తనిఖీ దగ్గర యంత్రం మోగిందట. మెడలో ఉన్నది తీసి పెట్టమంటే ఆ పెద్దావిడ ససేమిరా ఇవ్వనంటున్నదట, గట్టిగా గుప్పిట పట్టుకుని ఒకే మాట పదేపదే చెబుతున్నదట, ఆ భాష ఎవరికీ తెలియడం లేదట. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. బావకే ఇస్తా, బావకే ఇస్తా.

నేను వెనక్కి పోతానన్నాను. అటు పోవడానికి వీల్లేదు, ఇప్పుడు పోతే మళ్ళీ రాలేవు, విమానం తలుపులు వేసే టైమయింది అన్నారు. మీరు ఐదుగురూ ఎక్కండి, ఆమెను తర్వాతి విమానంలో పంపిస్తాం అన్నారు. తర్వాతి విమానంలో చోటు ఎప్పుడంటే రెండు రోజుల తర్వాత. అంటే క్రిస్మస్ దాటిపోతుంది. అంటే కోలారు దాటి ఎరగని మా అమ్మ, భాష తెలియని చోట రెండు రోజులు ఒక్కతే. చిన్నది ఏడుపు లంకించుకుంది. గేటు అమ్మాయి గడియారం చూసుకుంటున్నది.

పెద్దనాయన కదిలి, విమానంలోకి పోయే దారికి అడ్డంగా నిలబడ్డాడు. కుడిచెయ్యి లేచి అవతలి చట్టాన్ని పట్టుకుంది. గనిలో నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కలు ఆయనకు పదో పదిహేనో ఉంటాయి, అందులోంచి ఐదు తీశాడు.

"వన్ మ్యాన్ షార్ట్. నో బెల్."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఇంకో అధికారి వచ్చాడు, మర్యాదగా చెప్పాడు, తర్వాత మర్యాద లేకుండా చెప్పాడు. పోలీసుల్ని పిలవాల్సి వస్తుందన్నాడు. పెద్దనాయన మళ్ళీ అదే మాట, అదే గొంతుతో. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బిళ్ళలే లేకపోతే ఇంత జరిగేది కాదు కదా అని ఒళ్ళు మండింది. అందరి ఎదుటా అన్నాను.

"ఇది నీ గని కాదు పెద్దనాయనా. నీ గని మూసేసి ఎన్నేండ్లాయె. నువ్వు గంట కొట్టినా కొట్టకపోయినా ఇది పోతాది."

ఆయన నా వంక చూశాడు. కోపం లేదు. అంతకంటే కోపపడి ఉంటే బాగుండేది.

"బిడ్డల్ని తీసుకోని నువ్వు ఎక్కమ్మా," అన్నాడు. "ఎక్కేవాళ్ళను నేను ఆపను. గంట మాత్రం కొట్టను. మీ అమ్మ వచ్చేదాకా నేను ఈడనే ఉంటా."

చెయ్యి దించకుండానే మాకు దారి ఇచ్చాడు, చిన్నప్పటిలాగే ఆ చేతి కింది నుంచి. ఎడమచేతిని చాచి నాలుగు బిళ్ళలూ తీసుకున్నాడు. మా ఆయన కాస్త ఆగుదామన్నాడు. నేనే వద్దన్నాను. ఇది నేను స్పష్టంగా చెప్పాలి, నేనే వద్దన్నాను. మనం కదిలితే ఆయనే వెనకాల వస్తాడు, ముసలాయనకు భయం వేస్తే ఎక్కేస్తాడు అన్నాను. మనసులో మాత్రం ఆయన ఎక్కుతాడో ఎక్కడో గాని, మేం ఈ విమానంలో పోతే చాలు అనుకున్నాను.

సీట్లో కూర్చున్నాను. పిల్లలకు బెల్టులు పెట్టాను, నేను పెట్టుకున్నాను. పక్కన రెండు సీట్లు ఖాళీ. మా పెద్దది అడిగింది, అవ్వ బిళ్ళ తాత దగ్గర లేదు కదమ్మా, మరి విమానం ఎట్లా పోతుంది అని. అవ్వ తర్వాత వస్తుంది, నోరు మూసుకో అన్నాను. అది నోరు మూసుకుని కిటికీలోంచి కిందికి చూడటం మొదలుపెట్టింది. కింద పనివాళ్ళు విమానం పొట్టలోంచి పెట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగుతున్నారు. ఆ పెట్టెల్లో నాకు మా అమ్మ నీలం పెట్టె కనబడింది. మనిషి ఎక్కకుండా ఆ మనిషి పెట్టె విమానంలో పోకూడదని రూలట. అమ్మ పెట్టె ఒక్కటే అయితే త్వరగా తేలిపోయేదేమో. పెద్దనాయన కూడా ఎక్కనన్నాడు కాబట్టి ఆయన పెట్టె కూడా వెతకాలి, అది ఎక్కడో అడుగున ఉంది. ఇరవై నిమిషాలు గడిచాయి, ముప్పై గడిచాయి. వెనక సీటువాళ్ళు గొణుగుతున్నారు. ఆ అరగంటలో నేను మా అమ్మ కోసం ప్రార్థన చేశానని చెప్పాలని ఉంది గాని చేయలేదు. విమానం కదిలితే బాగుండునని చేశాను.

అక్కడ ఏం జరిగిందో తర్వాత అమ్మ చెప్పింది. పెట్టెలు వెతికే కంటే మనిషిని తెచ్చేదే తేలికని ఎవరికో తోచినట్టుంది. అరవం వచ్చిన ఒక అధికారిణిని పిలుచుకొచ్చారట. ఆమె అమ్మ పక్కన కూర్చుని, సరేమ్మా, నువ్వు మీ బావకే ఇవ్వు, ఎవరూ తీసుకోరు అన్నదట. యంత్రం ఒకటి బిళ్ళ మీద తిప్పి చూసి, బ్యాటరీ బండి ఎక్కించి గేటు దగ్గరికి తెచ్చారట. పెద్దనాయన అట్లాగే చెయ్యి చాచి నిలబడి ఉన్నాడట, చుట్టూ నలుగురు అధికారులు. అమ్మ దారం మెడలోంచి తీసి బిళ్ళ ఆయన చేతిలో పెట్టింది. ఆయన నంబరు చూసుకుని, మిగతా వాటితో కలిపి ఒకసారి లెక్కపెట్టి, గేటు అమ్మాయి బల్లకున్న ఇనుప కడ్డీని వేలి కణుపుతో టంగు టంగుమని కొట్టాడట. ఎన్నిసార్లని అడిగితే, మనుషులున్నప్పుడు కొట్టేటన్నిసార్లు అన్నది అమ్మ.

విమానంలోకి ముందు అమ్మను నడిపించి తను వెనక వచ్చాడు. జనమంతా తలలు తిప్పి చూస్తుంటే ఏమాత్రం తగ్గకుండా, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కాతో నడిచి వచ్చాడు. మా వరస దగ్గర ఆగి మా నలుగురి తలలూ తట్టాడు. నా తలను కూడా, మిగతావాళ్ళ తలలు తట్టినంతే మెల్లగా. తర్వాత కూర్చుని, బెల్టు ఎట్లా పెట్టాలని మా ఆయన్ని అడిగాడు. దారిపొడుగునా ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పెర్త్‌లో దిగేసరికి మంచి ఎండ. అక్క వాళ్ళ ఇంట్లో క్రిస్మస్ ముందురోజు భోజనానికి పెద్ద బల్ల వేశారు, కేజీఎఫ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత తల్లి పక్కన కూర్చున్న అక్క అమ్మ చెయ్యి వదలకుండా ఎడమచేత్తోనే అందరికీ వడ్డిస్తున్నది. అమ్మ బిళ్ళ కథంతా చెప్పి తనే నవ్వింది, అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"అమ్మను వాళ్ళు అట్ల పట్టుకోని ఉంటే మీరంతా యాడ ఉన్నారే?"

నేను పళ్ళెంలో అన్నం కలుపుతూ కూర్చున్నాను. మా ఆయన తల దించుకున్నాడు. మా పెద్దది నా ముఖం చూసి ఏదో చెప్పబోయింది. పెద్దనాయన బల్ల అవతలినుంచి దాని పళ్ళెంలో కేకు ముక్క ఒకటి వేశాడు.

"యాడుంటారు? అందరం గేటు కాడనే. ఒక్కరు గూడా ఎక్కలేదు," అన్నాడు. "ఐదుగురం నిలబడినాం."

అమ్మకు తెలుసు. మేం సీట్లలో కూర్చుని ఉండగానే కదా ఆమె లోపలికి వచ్చింది. ఆమె పళ్ళెం వైపు చూస్తూ ఊరుకుంది. అక్క లేచి వచ్చి నన్ను కావలించుకుంది. నేను కావలించుకోనిచ్చాను.

అప్పటినుంచి మా కుటుంబంలో ఆ కథ అట్లాగే నడుస్తున్నది. ఐదుగురూ చేతులు పట్టుకుని గేటుకు అడ్డం నిలబడ్డారని, విమానాన్నే ఆపేశారని. అక్క అక్కడివాళ్ళకు అట్లాగే చెబుతుంది, నా పిల్లలు కూడా అట్లాగే చెప్పడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళూ విన్నప్పుడల్లా నేను తల ఊపుతూనే వచ్చాను. ముప్పై ఏళ్ళు షాఫ్టు మూతి దగ్గర ఒక్క తల కూడా తప్పు చెప్పని మనిషి, బతుకులో ఒక్కసారి తప్పుడు లెక్క చెప్పాడు. అది నన్ను కాపాడటానికి చెప్పాడు. ఆయన బతికి ఉండగా దాన్ని సరిచేసే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు సరిచేస్తున్నాను, అక్కకు కోపం వస్తే రానీ. మేం నలుగురం విమానంలో ఉన్నాం. నేను బెల్టు పెట్టుకుని కూర్చున్నాను. గేటు దగ్గర నిలబడింది ఒక్కడే.